గోరింకలు వెళ్ళేదాకా

సాయంత్రమయ్యేసరికి మా ఆసుపత్రి ఎదురుగా ఉన్న పార్కులో చెట్లన్నీ ఒకటే గోల. గులాబీ రంగు గోరింకలు. చలికాలమంతా మన చేల మీద బతికి, ఎండలు ముదిరేలోపు గుంపులు కట్టి ఎక్కడో ఉత్తరాది దేశాలకు పోతాయి. వాకింగ్‌కి వచ్చినవాళ్ళు ఫోన్లు పైకెత్తి వీడియోలు తీసుకుంటారు. నేను మాత్రం చెట్ల కింద నేల చూస్తాను. ఆ అలవాటు నాకు పద్మావతి మేడం వల్ల వచ్చింది.

మేడం జువాలజీ లెక్చరరు. నర్సింగ్ చదివేటప్పుడు బ్రాడీపేటలో ఆవిడ మేడ మీద గదిలో అద్దెకుండేదాన్ని. గోరింకలు ప్రయాణానికి చేరే రోజుల్లో నన్నూ పార్కుకి లాక్కెళ్ళేవారు. చెట్టు కింద ఎవరైనా గట్టిగా మాట్లాడితే కళ్ళెర్రజేసేవారు. ఒకరోజు ఒక గోరింక కింద పడి కొట్టుకుంటోంది. ముక్కు వెంట సొంగ, ముడుచుకుపోయిన వేళ్ళు, ఒకటే వణుకు. మందు కొట్టిన చేలో పురుగుల్ని తిని వచ్చిందని చెబుతూ దాన్ని రుమాల్లోకి తీసుకున్నారు. "బాగా చూడు. మళ్ళీ ఎక్కడ కనబడ్డా గుర్తుపట్టాలి" అన్నారు. కాసేపటికి అది ఆవిడ చేతిలోనే చచ్చిపోయింది.

ఇంటికి రాగానే వినుకొండ దగ్గర మిరప వేసే తమ్ముడికి ఫోన్ చేశారు. మందు మానెయ్యమని అనలేదు. తన చదువు కూడా ఆ చేను మీదే సాగిందని ఆవిడకు తెలుసు. మొహానికి గుడ్డయినా కట్టుకోరా అని బతిమాలారు. అవతల ఆయన నవ్వు నాకు కూడా వినిపించింది.

"గుడ్డ కట్టుకుంటే ఊపిరాడదక్కా. నేనేమన్నా పిట్టనా?"

ఆ నెల తిరక్కుండానే ఆయన్ని కారులో తెచ్చారు. చేలో పడిపోతే ఊళ్ళో ఆర్‌ఎంపీ ఎండదెబ్బ అని సెలైన్ పెట్టి పొద్దంతా అక్కడే ఉంచాడట. గుంటూరులో మంచి డాక్టరుకి చూపిద్దామని అక్క ఇంటికి తీసుకొచ్చారు. ఒళ్ళంతా చెమట, నోటి వెంట సొంగ, వేళ్ళు ముడుచుకుపోయి వణుకు. మేడం కారు తలుపు పట్టుకుని నా వైపు తిరిగి, "ఎండ కాదే. మందు" అన్నారు. మనిషిని దింపనివ్వలేదు. అటునుంచటే ఆసుపత్రికి తీసుకెళ్ళాం గానీ అప్పటికే ఆలస్యమైపోయింది. ఆయన భార్య మేడం మీద పడి ఏడ్చిన ఏడుపు నాకిప్పటికీ చెవుల్లో ఉంది. "పొద్దున మందు కొట్టాడా అని ఒక్కళ్ళూ అడగలేదు వదినా."

మరుసటేడు కూడా మేడం పార్కు మానలేదు. ఇదివరకు గోరింకలు వెళ్ళిపోతుంటే దిగులుపడే మనిషి, ఇప్పుడు ఇంకా పోలేదేమిటని రోజూ విసుక్కునేవారు. ఒక సాయంత్రం చెట్లలో చప్పుడు లేదు. మేడం బెంచీ మీద కూలబడి, "ఇవన్నా బతికి బయటపడ్డాయి" అని వెక్కి వెక్కి ఏడ్చారు. తమ్ముడు పోయినప్పుడు కూడా నా ముందు ఏడవలేదు. మేడం పోయి చాలా ఏళ్ళయింది, ఆవిడ మీద బెంగ మాత్రం నాకు తీరలేదు.

నిన్న నేను డ్యూటీలో ఉండగా ఒక రైతును మోసుకొచ్చారు. ఎండదెబ్బ తగిలిందని భార్య చెబుతోంది. చొక్కా తడిసి ముద్దయింది. కనురెప్ప ఎత్తితే కంటిపాప చుక్కంత ఉంది. డాక్టరుగారిని కేకేసి, ఆవిడని అడిగాను.

"పొద్దున చేలో మందు కొట్టాడా అమ్మా?"

కొట్టాడంది. వెంటనే వైద్యం మొదలైంది. ఇవాళ సాయంత్రానికి ఊపిరైతే ఉంది, అంతకు మించి ఏమీ చెప్పలేమన్నారు. డ్యూటీ దిగి పార్కులోకి వచ్చాను. గోరింకలు ఇంకా ఇక్కడే ఉన్నాయి. తొందరగా వెళ్ళిపోండే అనుకుంటూ చెట్ల కింద నేల చూస్తూ నడిచాను.