పిన్ని చెప్పిన రెండో సగం

పిన్ని పోయిందని మొన్న మంగళవారం పొద్దున్న అమ్మ ఫోను చేసి చెప్పింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. గజపతినగరంలో మా మందుల షాపు అప్పుడే తెరిచి తుడుస్తున్నాను. ఏడుపు రాలేదు. సాయంత్రం, ఆవిడ పనిచేసిన పరిశోధన సంస్థ వాళ్లు వాట్సాప్‌లో పెట్టిన సంతాపం చూశాక మాత్రం ఒళ్లు మండిపోయింది. ఆవిడ ఫొటో కింద రాశారు: "కాలేయ క్యాన్సర్‌కు మందు కనుగొన్న శాస్త్రవేత్త." బతికుండగా పిన్ని ఏ మాట మీద పోట్లాడి పోట్లాడి అలిసిపోయిందో, సరిగ్గా అదే మాట.

మా అమ్మకి చెల్లెలు ఆవిడ. ఆమదాలవలసలో ధాన్యం కొట్టు నడిపే ఇంట్లో పుట్టి, ఎలకల మీద మందులు పరీక్షించే ఉద్యోగానికి వెళ్లింది. సెలవులకి వస్తే మా షాపులో స్టూలు వేసుక్కూచుని, వచ్చినవాళ్లకి ఏ మందు ఎందుకో విడమరిచి చెప్పేది. తెలియనిది అడిగితే "తెల్దు" అనేది, ఏమాత్రం మొహమాటం లేకుండా. కౌంటర్ వెనక నిలబడి ఆ మాట అనడం నేను ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను.

కాలేయ క్యాన్సర్ మందుని ఎలకల మీద చేసిన పరీక్ష గురించి ఒకసారి చెప్పింది. "కేన్సరు గెడ్డ పెరగాలంటే దానికి రక్తం అందాల కదే. అందుకని కొత్త రక్తనాళాలు మొలిపించుకుంటాది. మా మందు వాటిని మొలవనివ్వదు. కాలవ మూసేస్తే మడి ఎండిపోదేటి? అలాగన్నమాట."

"మరి ఎండిందా?"

"సానా ఎలకల్లో కుంచించుకుపోయింది. కొన్నింట్లో ముందు తగ్గి, మళ్లీ పెరిగి ఊపిరితిత్తుల్లోకి పాకింది. ఎందుకో ఇంకా తెల్దు. ఆ రెండోదే నన్ను నిద్ర పోనివ్వట్లేదు."

సంస్థ పెద్దాయనకి మాత్రం హాయిగా నిద్ర పట్టింది. గడ్డ కుంచించుకుపోయిందన్న మొదటి సగం ఒక్కటే పత్రికలవాళ్లకి చెప్పాడు. పిన్ని అడ్డుపడితే, "శుభవార్త చెప్పే రోజున ఆ మాటెందుకమ్మా, తరవాత చూద్దాం" అన్నాడట. మర్నాటి పేపర్లో ఎలకలు అన్న మాట ఎక్కడో చివర్న ఉంది.

ఆ పేపరు ముక్క పట్టుకుని జనం మా షాపుకి రావడం మొదలెట్టారు. భోగాపురం వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. ఆయన భార్యకి కాలేయ క్యాన్సరు. కొత్త మందు వస్తాది కదా అని ఆసుపత్రి వైద్యం మాన్పించేసి ఇంట్లో ఉంచాడు. నేను భయపడి పిన్నికి ఫోను చేశాను. ఆవిడ దొరికిన బస్సు పట్టుకుని వచ్చి, నన్ను వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లింది.

మంచం పక్కన కింద కూచుని, ఏదీ దాచకుండా చెప్పింది. "బాబూ, అది ఎలకలకిచ్చిన మందు. మనుషుల దాకా రావాలంటే ఇంకా సానా దూరం ఉన్నాది. ఎలకల్లోనే కొన్నింటికి తిరగబెట్టింది. రేపే ఈవిణ్ని ఆసుపత్రికి తీసుకెళ్లు."

ఆయన జేబులోంచి పేపరు ముక్క తీసి చూపించాడు. "మరి పేపర్లో అలాగెందుకేసినారమ్మా?" అన్నాడు.

పిన్ని ఆ ముక్క అందుకుని మడత పెట్టింది. మంచం మీదావిడే, "ఎండన పడొచ్చినారు, మజ్జిగ పుచ్చుకోండి" అంది.

దారంతా పిన్ని పళ్లు బిగించుకునే ఉంది. "ఎలక బతికితే ఎలక బతికిందనే సెప్పాల. మనిషి బతుకుతాడని సెప్పడానికి మనమెవరమే?" అంది.

ఆ తరవాత సంస్థ పెట్టిన సభలో, అందరి ముందూ లేచి రెండో సగం చెప్పేసింది. క్రమశిక్షణ లేదని ఆ పరిశోధనలోంచే తప్పించారు. ఎలకల గదిలోకి కూడా వెళ్లనివ్వలేదు. రిటైరయ్యేదాకా లైబ్రరీ పక్క గదిలో పనిలేకుండా కూచోబెట్టారు. ఆ రైతు భార్యకి మళ్లీ వైద్యం మొదలెట్టారు గాని ఆలస్యమైపోయింది. ఆవిడ పోయిన కబురు తెలిసిన రోజు పిన్ని అన్నం ముట్టలేదు.

నిన్న ఆమదాలవలసలో సంతాప సభ. వేదిక మీద ఫొటో కింద కూడా అదే అబద్ధం కాయితం మీద రాసి అతికించారు. ఆ పెద్దాయనే మైకు పట్టుకుని, "సత్యం కోసం నిలబడ్డ మనిషి" అన్నాడు.

నేను లేచాను. "నిలబడితే కూచోబెట్టింది మీరే కదండీ. మా పిన్ని ఆ జబ్బుకి మందు కనిపెట్టలేదు. మందు ఎక్కడ ఓడిపోయిందో చూసింది. చూసింది చెప్పింది. ఆ కాయితం తీయించండి."

"ఇది సందర్భం కాదమ్మా" అన్నాడాయన మెత్తగా. బతికుండగా సందర్భం కాదు, పోయాకా సందర్భం కాదు. నేను కూచోలేదు. అప్పుడు వెనక వరసలోంచి, పిన్నితో ఏళ్ల తరబడి పనిచేసిన ఒకావిడ లేచి, వేదికెక్కి, ఆ కాయితం చింపేసి దిగిపోయింది. ఎవరూ ఆపలేదు.

ఆవిణ్ని రైలెక్కించడానికి స్టేషనుకి వెళ్లాను. నా కోపం తగ్గలేదు. ఇప్పటికీ తగ్గలేదు. బెంచీ మీద కూచున్నాక ఆవిడ అంది: "ఎలకని ఎలా పట్టుకోవాలో నాకు నేర్పింది మీ పిన్నేనమ్మా. బిగించకు, వదిలీకు అనేవారు." చెయ్యి చాపి, అరచెయ్యి గుంటలా చేసి చూపించింది.

రైలొచ్చి ఆగింది. జనం దిగుతున్నారు, ఎక్కుతున్నారు. ఆవిడ ఖాళీ అరచెయ్యి మాత్రం, లోపల ఏదో ఊపిరి తీస్తున్నట్టు, ఒళ్లో అలాగే కదలకుండా ఉంది.