పాప, వయసు యాభై ఎనిమిది

ఈ ఉదయం అనకాపల్లిలో కళ్ల ఆసుపత్రికి వెళ్లాను. "పాప! పాప ఎవరండీ?" అని నర్సు పిలవగానే అందరూ చంటిపిల్ల కోసం చుట్టూ చూశారు. ఆమె రెండోసారి పిలిచాక, నెరిసిన జుట్టుతో నేను లేచాను.

"పేషెంటుని తీసుకురండమ్మా" అంది.

"ఆ పేషెంటు నేనేనమ్మా" అన్నాను.

మా బడిలో నాతో చదివినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, మా హాజరు పట్టీలో ఒక చిట్టి, ఇద్దరు బుజ్జిలు కూడా ఉండేవారు. వాళ్ల సంగతేమో గానీ, బారసాలనాడు నాకు బియ్యంలో రాసిన పేరు సత్యవతి. అది మా నాన్నమ్మ అత్తగారి పేరు. అత్తగారి పేరు నోటితో పలకకూడదని నాన్నమ్మ నన్ను పాపా అనే పిలిచేది.

బళ్లో వేసిన రోజు నన్ను తీసుకెళ్లింది ఆవిడే. నా చెయ్యి పట్టుకున్న ఆ అరచేతికి ఎప్పుడూ బెల్లం పాకం వాసన.

"పిల్ల పేరేటమ్మా?" అని మాస్టారు అడిగారు.

నాన్నమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "మా అత్త పేరు బాబూ, నాను అనకూడదు. మేం పాపంటాం. అదే రాసీండి."

రాసేశారు. పదో తరగతి సర్టిఫికెట్ నుంచి ఆధార్ దాకా నేను పాపనే. ఆ వయసులో ఆవిడ మీద ఎంత మండిపడేదాన్నో!

నాన్నమ్మ పోయి ముప్పై ఏళ్లయింది. ఇంట్లో ఇప్పుడు నేను అమ్మని, అత్తని, అమ్మమ్మని. ఇలాంటి కౌంటర్ల దగ్గర తప్ప నన్ను పాపా అనేవాళ్లే లేరు. నిజం చెప్పొద్దూ, నర్సు మొదటిసారి పిలిచినప్పుడే నాకు వినిపించింది. రెండోసారి కావాలనే పిలిపించుకున్నాను.