కటింగ్ మాస్టరు కత్తెర

ఆ బట్టల కార్ఖానాలో కటింగ్ మాస్టరు కత్తెర జోలికి ఎవరూ పోరు. ఒక చేతికి అలవాటు పడ్డ కత్తెరను ఇంకొకరు పట్టుకుంటే అంచు పాడవుతుందని ఆ పనివాళ్ల పట్టింపు.

అలాంటి మాస్టరుకి హెచ్‌ఐవీ అని తెలియగానే ఓనరు తెగ జాలిపడిపోయి, ఉద్యోగం పీకేశాడు. “కత్తెర పని కదా, వేలు తెగి రక్తం కారితే మిగతావాళ్ల గతేంటి?” అన్నాడు. పంతొమ్మిదేళ్లలో మాస్టరు వేలు తెగగా చూసినవాడు ఒక్కడూ లేడు.

మందులు వాడి ఎనిమిది నెలల్లో మాస్టరు తేరుకున్నాడు. కలిసి పనిచేస్తే ఎవరికీ అంటదని డాక్టరు చేత రాయించి, ఆసుపత్రి కౌన్సెలరమ్మ తనే వెంటబెట్టుకుని వెళ్లింది. ఓనరు ఆ కాగితాన్ని కొసన రెండు వేళ్లతో పట్టుకుని చదివాడు. కాగితం మీద పడి కరుస్తుందనుకున్నాడేమో మహానుభావుడు!

“గేటు దగ్గర కాపలాకి కూర్చోమనండి. గ్లాసు విడిగా పెట్టిస్తాం.”

“నాకొచ్చింది కటింగ్ అండీ. ఇస్తే అదివ్వండి,” అని మాస్టరు బయటికొచ్చేశాడు. అవమానంతో ఒళ్లు మండిపోతోంది. “మళ్లీ బల్ల ముందు నిలబడకపోతే బతికి బట్టకట్టి ఏం లాభమమ్మా?” అన్నాడు దారిలో.

తొమ్మిదో రోజు ఓనరే ఫోన్ చేశాడు. గొంతులో తేనె కారుతోంది. ఈ ఎనిమిది నెలలూ మాస్టరు బల్ల మీద వెలగబెట్టింది ఆయన బావమరిది. గుడ్డను ఎదురెదురుగా మడిచి కోస్తే చొక్కాకి కుడి, ఎడమ చేతులు జతగా వస్తాయి. ఈ ఘనుడు మడవకుండా పరిచి, మూడు వందల బడి చొక్కాలకు ఆరు వందల చేతులూ ఎడమవే కోసిపెట్టాడు!

మాస్టరు కౌన్సెలరమ్మతో కలిసి వెళ్లాడు. బల్ల మీద ఉన్నది తన కత్తెరే. పక్కనే బావమరిది, మూడు వేళ్లకు కట్లతో. మాస్టరు కత్తెర తెరిచి చూశాడు. రెండు రెక్కలనూ కలిపే మర దగ్గర రక్తం ఎండిపోయి ఉంది.

“పని మొదలెట్టండి మాస్టారూ. మా మనసు పెద్దది, మీకు తెలుసుగా,” అన్నాడు ఓనరు.

మాస్టరు కత్తెరను అలాగే బల్ల మీద పెట్టి, ఓనరు ముందు చెయ్యి చాచాడు.

“మొదలెడతానండీ. ఇది మీ బావమరిది రక్తం. ఆయన డాక్టరు కాగితం ఏదీ?”