కాటా గదిలో రెండో గడి

ఖాళీ గడి కనబడితే ఆత్మారాం చెయ్యి ఆగదు. ముప్పై ఏళ్లు కాటా గుమాస్తాగా బతికిన మనిషి మరి! చెరుకు బండి తూచి ఇచ్చే చీటీలో ఒక్క గడి వదిలేసినా, దారిన పోయేవాడెవడో అందులో అంకె గీకేస్తాడని అతని భయం. రాయడానికేమీ లేకపోతే కనీసం ఒక గీతైనా కొడతాడు, అప్పుడే చీటీ రైతు చేతికిస్తాడు.

తను పనిచేసిన పాత మిల్లు మూతపడ్డాక బోధన్‌లో ఎనిమిదేళ్లు కిరాణా దుకాణంలో పొట్లాలు కట్టాడు. యాభై ఆరో ఏట, రెంజల్ దారిలో కొత్తగా వెలసిన ప్రైవేటు మిల్లులో మళ్లీ కాటా కుర్చీ దొరికింది. ఆ రోజు ఇంటికెళ్లి భార్య ముందు వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ కుర్చీయే ఇప్పుడు ఊగుతోంది. సీజన్ మొదట్లో రెండు చీటీలు తారుమారైతే మేనేజర్ ధనుంజయ్ నలుగురి ముందే అనేశాడు: "ఇంకొక్క తప్పు జరిగితే ఇంటికే, ఆత్మారాం గారూ."

పోయిన మంగళవారం కాటా గదిలో పాత కంప్యూటర్ తీసేసి అరచేతంత నల్లడబ్బా పెట్టారు. తిన్ క్లయింట్ అట. దాని కడుపులో ఏమీ ఉండదు. లెక్కలూ ప్రోగ్రాములూ అన్నీ నిజామాబాద్ ఆఫీసులోని సర్వర్‌లోనే. ఇది వాటిని తెర మీద చూపిస్తుంది, అంతే. బిగించడానికి ఒక ఏజెన్సీ నుంచి మరియం అనే అమ్మాయి వచ్చింది. ఓపికగల పిల్ల, ఆత్మారాం చెప్పుకున్న మేనేజర్ బెదిరింపు సంగతి కూడా వింది. ఏ నంబరు ఎందుకో ఒక్కొక్కటీ చెబుతూ నింపింది. మొదట డబ్బాకు సొంత నంబరు, తర్వాత బయటికి దారి చూపే రౌటర్ నంబరు, చివర నేమ్ సర్వర్.

"డబ్బాకు సర్వర్ పేరే ఎర్క చాచా, అది యాడున్నదో ఎర్క లేదు. గా నేమ్ సర్వర్‌ను అడిగి తెలుసుకుంటది" అంది.

నేమ్ సర్వర్‌కు రెండు గడులున్నాయి. మరియం ఒకటే నింపింది. అవసరం పడితే ఫోన్ చేయమని, పాస్‌వర్డ్ కాగితం మీద రాసిచ్చి వెళ్లిపోయింది.

ఇంకేముంది! ఆ రెండో గడి ఆత్మారాంకు రెండు రోజులు అన్నం సహించనివ్వలేదు. పిల్ల తొందరలో మరిచిపోయిందనే అనుకున్నాడు. గురువారం సాయంత్రం పాస్‌వర్డ్ కొట్టి సెట్టింగులు తెరిచాడు. ఏ నంబరు పెట్టాలో తెలియక, పైన కనిపిస్తున్న రౌటర్ నంబరునే అందులోనూ కొట్టేశాడు. తెర చక్కగా వచ్చింది. ఆ రాత్రి హాయిగా పడుకున్నాడు.

శుక్రవారం పొద్దున రెండు ట్రాలీలు తూగాయి. మూడోది కాటా ఎక్కగానే 'సర్వర్ దొరకలేదు' అని తెర మొరాయించింది. ఆపి మళ్లీ పెడితే ఒక ట్రాలీ తూగింది, మళ్లీ అదే పాట. పది గంటలకల్లా ట్రాక్టర్ల వరస మెయిన్ రోడ్డెక్కింది. కోసిన చెరుకు ఎండకు ఆరిపోతుంటే రైతులు ఊరుకుంటారా? హారన్లతో చెవులు చిల్లులు పడ్డాయి. బార్డర్ అవతలి నుంచి వచ్చిన డ్రైవరొకడు కిటికీలో తల దూర్చి "కాయ్ ఝాలం, సాహెబ్?" అంటూ ఏమైందని మరాఠీలో మూడుసార్లు అడిగాడు.

ధనుంజయ్ మండిపడుతూ వచ్చి, మరియంకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు.

"నువ్వు పెట్టిన డబ్బా మా మిల్లునే ఆపింది. మీ ఏజెన్సీకి ఇప్పుడే రాస్తున్న, నిన్ను తీసేసి వేరేటోళ్లను పంపుమని."

"ఒక్క నిమిషం సార్. చాచా, సెట్టింగ్స్ తెరువుండ్రి. నేమ్ సర్వర్ కాడ ఏమున్నదో సదువుండ్రి."

ఆత్మారాం మొదటి నంబరు గట్టిగానే చదివాడు. రెండోదానికి వచ్చేసరికి గొంతు తగ్గించి చదివాడు.

"గా రెండోది తీసెయ్యుండ్రి చాచా" అంది మరియం. "నేమ్ సర్వర్ జర ఆల్చం చేస్తే డబ్బా పోయి రౌటర్‌ను అడుగుతున్నది. దానికి మన సర్వర్ పేరే తెల్వదు, లేదంటది. డబ్బా గంతటితోని ఆగిపోతది." తర్వాత ధనుంజయ్‌కు చెప్పింది: "నాదే పొరపాటు సార్. నేనే పెట్టిన."

ఆత్మారాం ఆ నంబరు చెరిపి డబ్బాను మళ్లీ ఆన్ చేశాడు. వరస కదిలింది. ధనుంజయ్ అక్కడే స్టూలు మీద కూర్చుని ఏజెన్సీకి ఫోన్లో ఫిర్యాదు టైపు చేస్తున్నాడు.

ఎవరూ ఏమీ అడగలేదు. నోరు మెదపకుంటే కుర్చీ పదిలం. ఆత్మారాం నాలుగు ట్రాలీలు తూచాడు. అయిదోదాన్ని కాటా మీదే ఆపి ధనుంజయ్ వైపు తిరిగాడు.

"సార్, గా ఫిర్యాదు పంపకుండ్రి. గా నంబరు పెట్టింది నేను. ఖాళీగున్నదని నిన్న పొద్దుమీకి నింపిన. పిల్లది ఏం తప్పు లేదు."

ధనుంజయ్ అతని మొహం కేసి చూసి, ఫోన్లో రాసింది చెరిపేశాడు. "షిఫ్ట్ అయినంక తాళం ఆఫీసుల ఇచ్చి పోండ్రి. రేపటి సంది రావద్దు" అని లేచి వెళ్లిపోయాడు.

షిఫ్టు అయ్యేదాకా ఆత్మారాం బండ్లు తూచాడు. తాళం అప్పగించి గేటు బయటికొచ్చి మరియంకు ఫోన్ చేశాడు.

"నువ్వు పెట్టలేదని నీకు తెల్సు గదా బేటీ. మరెందుకు మీదేసుకున్నవ్?"

"నాకు వయసున్నది చాచా, ఇంకో నౌకరి దొరుకుతది. మీకు ఇంకో కాటా దొరకదనుకున్న."

"దొరకదు" అన్నాడు ఆత్మారాం. "కానీ నీ నోటికాడి బువ్వ గుంజుకొని గా కుర్చీల కూసునుడు నాతోని కాలే, బేటీ."