మార్జ్ గారి వేలెడు కొసరు

శుక్రవారం పూజకు పెట్టిన అరటిపళ్ళు మా కొట్టులో గల్లాపెట్టె పక్కనే మగ్గిపోయాయి. ఆదివారం తలుపు తీసేసరికి వాసన గుప్పుమంది. జాకెట్టు గుడ్డ కోసం వచ్చిన అమ్మాయి, ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, ముక్కు ఎగబీల్చి "ఆంటీ, ఏదో స్మెల్ వస్తుంది" అంది. "అరటిపళ్ళమ్మా, నువ్వు రంగు చూసుకో" అన్నాను. మిగతా సంగతి చెప్పలేదు. ఆ రోజుల్లో తుపాకీ గొట్టం తుడిచే మందు ఒకటుండేది. కిరసనాయిల్లో మగ్గిన అరటిపండు పిసికి కలిపితే ఎలా ఉంటుందో అదే వాసన. అది తగిలిందంటే నాకు మార్జ్ గారి గరాజ్, పాతబట్ట పరిచిన బల్ల, ఆ బల్లమీద వంగిన నెరిసిన తల కళ్ళముందుకు వస్తాయి. అందుకే పళ్ళు పారేయడానికి నాకు ఎప్పుడూ ఓ పూట ఆలస్యమవుతుంది.

మేము ఈ దేశానికి, ట్రాయ్ అనే ఊరికి వచ్చిన కొత్తలో ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళు పదో పరకో కుటుంబాలు. ఎనభైలు ఇంకా మొదలవుతున్న రోజులు. మా ఆయన కార్ల కంపెనీలో బ్రేకుల ఇంజనీరు. నేను చీరాలలో బట్టల కొట్లో, నాన్న గల్లాపెట్టెకూ బాబాయి గజంబద్దకూ మధ్య పెరిగినదాన్ని. మా ఇంట్లో పిల్లలకు అక్షరాలకన్నా ముందు బేరం వచ్చేది. ఈ దేశంలో ప్రతి వస్తువుకూ చీటీ అంటించి, మారుమాట లేకుండా అమ్మేస్తుంటే నాకు నోరు కట్టేసినట్టుండేది. గరాజ్ సేల్ అని, ఇంట్లో పాత సామాను వాకిట్లో పెట్టి బేరానికి అమ్మేదొకటి ఉందని తెలిసిన రోజున ప్రాణం లేచివచ్చింది.

మార్జ్ గారిని మొదట చూసింది అలాంటి అమ్మకంలోనే. మా పక్కింటావిడ. భర్త పోయాడు, స్కూలు బస్సు నడిపి రిటైరైంది. పొడుగు మనిషి, బస్సు వెనక సీటుదాకా వినిపించే గొంతు. నేను ఆవిడ ఇస్త్రీబల్ల మీద కన్నేసి, కన్నేసినట్టు కనబడకుండా పాత గిన్నెలు తిరగేసి, చివరికి బల్ల కాలు వంకర ఉందన్నాను.

"కాలు తిన్నగానే ఉంది. నువ్వు వంగి చూస్తున్నావు" అంది.

నా ధర చెప్పి వెనక్కి తిరిగాను. చీరాలలో అయితే మూడు కొట్లు దాటేలోపు పిలుస్తారు. ఈవిడ పిలవలేదు. వీధి చివరిదాకా పోయి, సిగ్గు విడిచి నేనే తిరిగొచ్చాను. అరగంట నిలబడ్డాం ఇద్దరం. ఆవిడ నా ధరకు దిగింది, నేను వెంటనే బట్టల క్లిప్పుల బుట్ట కొసరు అడిగాను. ఆవిడ మెట్లమీద కూలబడి కళ్ళు తుడుచుకునేంతగా నవ్వింది.

"హనీ, శనివారం పొద్దున నీకేం పనుంది?"

ఊరి బయట ఒక తుపాకీ క్లబ్బు ఉండేది. ఆడవాళ్ళు అక్కడికి సాండ్‌విచ్‌లు మోసుకెళ్ళడమే తప్ప తుపాకీ పట్టింది లేదు. మార్జ్ గారు ఏళ్ళ తరబడి అడిగి అడిగి శనివారం పొద్దుటిపూట ఆడవాళ్ళకని సాధించింది. కొత్తగా వచ్చిన క్లబ్బు సెక్రటరీ వాల్ట్‌కు అది కంటగింపు. ఆకురాలు కాలంలో జరిగే పోటీలో ఆడవాళ్ళు నలుగురితో జట్టు కట్టి చివరిదాకా నిలబడాలి, లేకపోతే శనివారం మళ్ళీ మగవాళ్ళదని తీర్మానం చేయించాడు. ఒక్కొక్కరూ దూరపు వరసలో కనీసం ఒక ఉక్కు పలకైనా పడగొడితేనే జట్టు నిలబడినట్టు.

"ముగ్గురమున్నాం. నాలుగో మనిషి కావాలి, వెనక్కి తగ్గని మనిషి" అంది.

"నేనెప్పుడూ తుపాకీ ముట్టుకోలేదండీ."

"నా ఇస్త్రీబల్లను అంతకుముందు ముట్టుకున్నావా?"

ఇంటికొచ్చి మా ఆయనకు చెబితే, చదువుతున్న పేపరు దించి నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశారు. "బట్టలకొట్టు పిల్లకు తుపాకీ ఎందుకు సుగుణా, గజంబద్ద చాలదా?"

"గజంబద్ద మీకుంచానండీ. రేపు తుపాకుల షాపుకి డ్రైవ్ చేస్తారా, బస్సులో పోనా?"

డ్రైవ్ చేశారు. మార్జ్ గారు తనతో వెళ్దామని చెప్పినా నేను ఆగలేదు. తోడు మనిషి ఉంటే బేరం పలచబడుతుందని మా నాన్న మాట. కొట్టులో పొడుగాటి వేట రైఫిల్ ఒకటి, భుజానికానించే చెక్క మడమ మీద గీత పడి మూల నిలబడి ఉంది. ఆ గీతను నేను ఎంత పెద్దది చేశానంటే, కొట్టతను చివరికి తుపాకీతోపాటు దాని సంచీ కూడా ఇచ్చి పంపాడు. ఆ శనివారం దాన్ని ఒక్కసారి కాల్చాను. భుజం మీద ఎద్దు తన్నినట్టయింది. గొట్టం బరువుకు ముందుకు తూలి, మడమ చంకలోకి జారి, తూటా ఎటు పోయిందో దేవుడికే తెలియాలి. మిగతా ఇద్దరాడవాళ్ళూ మర్యాదగా మేఘాల్ని చూశారు.

"ఎంతకు తెచ్చావు?" అంది మార్జ్ గారు. గర్వంగా చెప్పాను.

"మంచి ధర. నీకంటే జానెడు పొడుగున్న మగవాడికి. నువ్వు ధర కొనుక్కొచ్చావు హనీ, తుపాకీని కొట్లోనే వదిలేశావు."

ఆ మాట అనడంలో వెక్కిరింత లేదు. మర్నాడు నన్ను బండెక్కించుకుని ఆ కొట్టుకే తీసుకెళ్ళింది. కొట్టతను నన్ను చూసి సంచీ కూడా తిరిగిస్తున్నానేమోనని ఆశపడ్డాడు. మార్జ్ గారు వరసగా తుపాకులు దింపించి, ఒక్కొక్కటీ ఖాళీగా ఉందో లేదో తనే చూసి, నన్నూ చూడమని, ఆ తరువాత ఒకటే మాట. "కళ్ళు మూసుకో. భుజానికెత్తు. హాయిగా అనిపించినప్పుడు కళ్ళు తెరువు. గురి నీ కంటికెదురుగా ఉంటే అది నీది. మెడ వంచి వెతుక్కోవాల్సొస్తే వేరేవాళ్ళది."

మా నాన్న పట్టు చీర అమ్మేటప్పుడు కళ్ళు మూసుకుని గుడ్డ నలిపి చూడమనేవాడు. భూగోళానికి అవతలి పక్కన ఒక బస్సు డ్రైవరు అదే మాట అంటుంటే నాకు నవ్వొచ్చింది. నాలుగైదు తుపాకులకు మెడ వంచాను. చివరికొకటి దొరికింది. పొట్టి లీవర్ రైఫిల్, నా చేతికంటే మరీ ఎక్కువ పొడుగు లేదు. కళ్ళు తెరిస్తే గురి నా కోసమే కాచుకుని కూచున్నట్టుంది. నా మొహంలో ఇష్టం దాచుకోవడం మర్చిపోయాను. బేరగాళ్ళకు అంతకన్నా పరువు తక్కువ ఇంకొకటి లేదు.

"దీని తూటా ఏదో తెలుసా? నా రివాల్వర్‌దే" అంది మార్జ్ గారు. "పిస్తోలు తూటాను పొడుగు గొట్టంలో కాలిస్తే భుజం నొప్పుండదు, పొద్దంతా కాల్చొచ్చు. ప్రాక్టీసుకు అందులోనే మెత్తరకం, చవకరకం తూటాలూ పడతాయి. ఒకటే చిక్కు. దూరం పోయేకొద్దీ కిందికి దిగుతుంది. దూరపు పలకకు పై అంచు మీద గురిపెట్టాలి."

"ఒకే తానులో లంగా, జాకెట్టూ రెండూ వస్తాయన్నమాట" అన్నాను. కొట్టతనికి అర్థం కాలేదు. మార్జ్ గారికి అయింది. పాత తుపాకీ ఇచ్చి ఇది తెచ్చుకున్నాం. సంచీ నేను వదల్లేదు.

ఆ వేసవి అంతా శనివారాలు అలా గడిచాయి. నాకు గురి త్వరగానే వచ్చింది. సూదిలో దారం ఎక్కించిన కళ్ళు కదా. రానిదల్లా లీవర్. ఒక తూటా కాల్చాక ట్రిగ్గర్ కిందున్న ఆ ఇనుప కొంకిని ముందుకు పూర్తిగా తోసి, మళ్ళీ వెనక్కి లాగాలి. అప్పుడే ఖాళీ గుల్ల ఎగిరిపడి కొత్త తూటా లోపలికొస్తుంది. నా చెయ్యి ప్రతిసారీ వేలెడు ముందే ఆగిపోయేది. ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమనేది, అంతే. చేతికి బలం చాలక కాదు. ఎందుకాగుతుందో నాకే తెలియదు.

మార్జ్ గారు పక్కన చతికిలబడి నా చేతినే చూస్తూ కూచుంది ఒకరోజు. "ఇంకొంచెం ఉండగానే ఆపేస్తావు. ఎవరికోసం మిగులుస్తున్నావు అది?"

అప్పుడు తట్టింది. నాకు గుడ్డ కొలవడం నేర్పింది మా బాబాయి. గుడ్డ బిగలాగి, బద్ద చివర వేలెడు ముందే గిల్లి, గజానికో వేలెడు మిగుల్చుకునే మనిషి. మా నాన్న అది చూసినప్పుడల్లా వచ్చి, బద్ద దాటి వేలెడు వదిలి కత్తిరించేవాడు. కొట్లో వాటిని బాబాయి గజం, నాన్న గజం అని పిల్లలం నవ్వుకునేవాళ్ళం. చీరాల వదిలి సముద్రాలు దాటొచ్చినా నా చేతిలో బాబాయి కూచునే ఉన్నాడు. అదంతా మార్జ్ గారికి చెప్పాను. ఆవిడ నవ్వుతుందనుకున్నాను. "మరి ఇవాళ్టినుంచి మీ నాన్నను పిలువు" అంది. "ఏమంటారు దాన్ని?"

"నాన్న గజం."

ఆవిడ దాన్ని నాలుకమీద రెండు మూడు సార్లు తిప్పి, చివరికి "నానా గజమ్" దగ్గర స్థిరపడింది. నేనావిడను పేరుపెట్టి పిలవలేక వెనక "గారు" తగిలిస్తే, దానర్థమేమిటని అడిగింది కూడా అప్పుడే. చెప్పాను. "మా ఆయన ముప్పైయేళ్ళలో ఇంత మర్యాద ఇవ్వలేదు" అని, ఆ తరువాత క్లబ్బులో ఎవరు మార్జ్ అన్నా "మార్జ్‌గారు" అని దిద్దేది.

పోటీ రోజున గాలి చల్లగా, ఎండ తెల్లగా ఉంది. మా ఆయన మడతకుర్చీ తెచ్చుకుని, పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూచున్నారు. వాల్ట్ నా పొట్టి రైఫిల్‌ను అటూ ఇటూ తిప్పి, "పిస్తోలుకు లంగా తొడిగారే" అన్నాడు. మగవాళ్ళు నవ్వారు.

"లంగాలు మా వ్యాపారమండీ. మీ కొలతలు చెప్పండి, మీకూ ఒకటి కుట్టిస్తాను" అన్నాను. ఈసారి నవ్వు ఇంకొంచెం గట్టిగా వచ్చింది, వాల్ట్ దిక్కుగా.

మార్జ్ గారు, మిగతా ఇద్దరూ దూరపు పలకలు పడగొట్టేశారు. చివర నేను. దగ్గరి వరస బాగానే పోయింది. దూరపు వరసకొచ్చేసరికి పలకలు తమలపాకుల్లా ఉన్నాయి. మొదటి తూటా పలక కింద మట్టి లేపింది. తరువాతదీ అంతే. గడియారం పట్టుకున్నతను గడువు అయిపోవస్తోందన్నాడు. మార్జ్ గారి శనివారాలన్నీ నా చూపుడువేలి మీదికొచ్చి కూచున్నాయి. పై అంచు మీద గురిపెట్టి నొక్కాను. టిక్. బాబాయి వచ్చేశాడు.

వెనక తాడు అవతలనుంచి, బస్సు నిండా పిల్లలకు వినిపించే గొంతు లేచింది. "నానా గజమ్."

"అదేంటి, కోచింగ్ ఇస్తున్నావా? వెనకనుంచి చెప్పకూడదు" అన్నాడు వాల్ట్.

"వాళ్ళ నాన్నను తలుచుకుంటున్నాను. తప్పా?" అంది మార్జ్ గారు.

నేను లీవర్‌ను ముందుకు తోశాను. ఆగాలనిపించిన చోట ఆగకుండా, బద్ద దాటి, ఆ చివర ఇనుము ఇనుముకు తగిలేదాకా. కొత్త తూటా లోపలికి జారిన చప్పుడు అరచేతిలో తెలిసింది. ఊపిరి సగం వదిలి, పై అంచు మీద గురి నిలిపి, నొక్కాను. మొదట ఏమీ కాలేదనిపించింది. పలక ఆలోచిస్తున్నట్టు కాస్త ఊగి, వెనక్కి వాలి, పడిపోయింది. ఆ తరువాత టంగుమని శబ్దం మా దాకా నడిచొచ్చింది. మా ఆయన లేచి నిలబడ్డారు, పులిహోర డబ్బా కింద పడింది.

మేము గెలవలేదు. మగవాళ్ళ జట్లన్నిటికీ కింద, చిట్టచివర నిలబడ్డాం. కానీ నిలబడ్డాం. వాల్ట్ వచ్చి, "శనివారం మీదే" అని పొడిగా అన్నాడు. మార్జ్ గారు నా దిక్కు చూసి కనుబొమ్మ ఎగరేసింది. నాకు అర్థమైంది. "ఆడవాళ్ళకు లోపల కూచోడానికి హీటరున్న గది కూడా కావాలి. చలికాలం వస్తోంది కదా" అన్నాను. కొసరు అడగకుండా బేరం ముగిస్తే మా ఇంటిపేరు పోతుంది. చలికాలం మొదలయ్యేలోపు గది ఇచ్చారు.

మార్జ్ గారు పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడ రివాల్వర్ వాళ్ళ అన్నకొడుకు తీసుకున్నాడు. ఆవిడ పక్కన నిలబడి నేర్చుకున్న శనివారాలు మాత్రం నావే. ఇప్పటికీ పోతాను. ఆ పొట్టి రైఫిల్ నాలాగే అక్కడక్కడా రంగు వెలిసింది, లీవర్ మాత్రం చివరిదాకా పోతుంది. జీవితంలో నేను తెగించి చేసినవన్నీ, ఈ కొట్టు తెరవడంతో సహా, ఆగిపోవాలనిపించిన చోటునుంచి ఇంకో వేలెడు తోస్తేనే జరిగాయి. నాలో బేరమాడే మనిషి ముందునుంచీ ఉంది. ఆ మనిషికి దేంట్లో బేరమాడకూడదో చెప్పింది ఆవిడ.

జాకెట్టు గుడ్డకొచ్చిన పిల్లకు రంగు ఓ పట్టాన తెగలేదు. కళ్ళు మూసుకుని తాకి చూడమన్నాను. వంగపండు రంగు మీద చెయ్యి ఆగింది. నేను గుడ్డ పరిచి, గజంబద్ద పెట్టి, చివరిదాకా వచ్చి, ఇంకో వేలెడు దాటి కత్తెర వేశాను.

"ఆంటీ, మీరు లైన్ దాటి కట్ చేశారు" అంది.

"తెలుసమ్మా" అన్నాను. "అది మార్జ్ గారి వాటా."