స్టోరు బాబాయి పెట్టిన డబ్బా

మా బాబాయి ముప్పై ఒక్క ఏళ్ళు నీటి పంపులు తయారుచేసే కార్ఖానాలో స్టోర్‌కీపరుగా పనిచేశాడు. రిటైరై ఇంటికొచ్చాడు గానీ స్టోరు మాత్రం ఆయన్ని వదల్లేదు. ఇంట్లో ఎవరికైనా కత్తెర కావాలంటే ఎవరికి, ఎందుకు, ఎప్పుడు తిరిగిస్తారు అని మూడు ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి. మేకులు సైజుల వారీగా సీసాల్లో ఉంటాయి. సీసాలకు చీటీలుంటాయి. "ఏదో ఒకరోజు నన్ను కూడా ఒక అరలో కూర్చోబెట్టి నుదుటి మీద చీటీ అంటించేస్తాడు మీ బాబాయి" అంటుంది మా పిన్ని. నాకు ఆయనంటే ప్రాణం, చిరాకు కూడా అంతే. ఈ రెండూ ఎలా కలిసుంటాయో ఆయన్ని ఒక్కసారి చూస్తే తెలుస్తుంది.

పిన్ని బట్టలు కుడుతుంది. అయితే ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళు వేరు. ఒక భుజం కిందికి దిగినవాళ్ళు, చక్రాల కుర్చీలో ఉండేవాళ్ళు, ఆపరేషను తర్వాత ఒంటి తీరు మారిపోయినవాళ్ళు. అంగట్లో వేలాడే బట్టల్లో ఒక్కటీ వాళ్ళకు పట్టదు. పిన్ని ఒక్కొక్కరికీ కొలతలు తీసి కంప్యూటరులో ప్యాటర్న్ గీస్తుంది. ముతక గుడ్డ మీద కుట్టి చూసి, దిద్ది, మళ్ళీ చూసి, మళ్ళీ దిద్దుతుంది. వాళ్ళలో టేపు చూడగానే బిగుసుకుపోయేవాళ్ళు చాలామంది. అందుకే ఒకసారి కొలిచాక ఇంకోసారి టేపు బయటికి తీయకూడదని పిన్ని పట్టుదల. తర్వాత వచ్చే మార్పులన్నీ వేసుకున్న బట్ట చూసి కంటితోనే పసిగట్టి ఆ ప్యాటర్న్‌లోనే దిద్దుకుంటుంది. అలాంటి ప్యాటర్న్‌లు రెండు వందల ముప్పై దాకా ఉన్నాయి. పన్నెండేళ్ళ పని.

అంత విలువైనవి ఎక్కడున్నాయంటారా? కొన్ని పిన్ని లాప్‌టాప్‌లో, కొన్ని బాబాయి పాత కంప్యూటరులో, కొన్ని మా చెల్లి, అంటే వాళ్ళమ్మాయి, కంప్యూటరులో, మిగిలినవి దారాల పెట్టెలో తిరిగే పెన్‌డ్రైవుల్లో. ఒకే మనిషి ప్యాటర్న్ మూడు చోట్ల మూడు రకాలుగా ఉండేది. చివరికి ఒకరోజు అనుకున్నంతా అయింది. పిన్ని పాత ప్యాటర్న్ పెట్టుకుని ఒకాయన ప్యాంటు కత్తిరించేసింది. మంచి గుడ్డ. రెండు ముక్కలూ ఒళ్ళో వేసుకుని మిషను ముందు కూర్చున్న మనిషి ఎంతసేపటికీ లేవలేదు.

"ఇది కుట్టులో తప్పు కాదు. స్టోరులో తప్పు" అన్నాడు బాబాయి. మర్నాడు పొద్దున్నే మా ఇంటికొచ్చాడు. రెండు వీధుల అవతలే మా ఇల్లు, నేను ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటాను.

"అమ్మడూ, ఇంట్లో ఏ కంప్యూటరు ముందు కూర్చున్నా చేయి చాపితే అందేట్టు ఒకే ఒక్క అర కావాలి. అన్నీ అందులోనే ఉండాలి. చవగ్గా తెమలాలి."

"దాన్ని నెట్‌వర్క్ స్టోరేజి అంటారు బాబాయ్. కొత్తది కొనక్కర్లేదు, పాత కంప్యూటరొకటి దొరికితే చాలు."

ఆయన కళ్ళు మెరిశాయి. పాతదాన్ని పనికి పెట్టడమంటే ఆయనకు పండగే.

కంటి ఆసుపత్రివాళ్ళు సామాను మారుస్తూ పక్కన పడేసిన కంప్యూటరొకటి తెచ్చాం. బాబాయి దాన్ని విప్పి పెయింటు బ్రష్షుతో దుమ్ము దులిపి, మరలన్నీ స్టీలు గిన్నెలో వేసి లెక్కపెట్టుకున్నాడు. కొన్నవల్లా రెండు హార్డ్ డిస్కులు. వాటిని కూడా ఒకే కొట్లో కొననివ్వలేదు. "ఒకే లాటులో వచ్చిన బేరింగులు ఒకేసారి అరుగుతాయి తల్లీ. రెండు కొట్లకు వెళ్దాం" అన్నాడు. నేను ఆఫీసులో నేర్చుకున్న విషయం ఆయన పంపుల దగ్గర నేర్చుకున్నాడు. ఆ రోజు ఆయన్ని చూస్తే ఎంత గర్వమనిపించిందో చెప్పలేను.

ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరు ఎక్కించి, దానికి తెరా కీబోర్డూ అక్కర్లేదని తీసేశాను. మిగిలింది ఒక నల్ల డబ్బా. మొదట బీరువాలో పెడితే గంటకల్లా కాలిపోతున్నట్టు వేడెక్కింది. తీసి నడవలో చెప్పుల స్టాండు పైనున్న అరలో, రౌటరు పక్కన పెట్టాం. వైఫై మీద పిన్ని ఫైళ్ళు నత్తనడక నడిచేసరికి బాబాయి గోడ వారన లాన్ వైరు లాగి జానెడుకో క్లిప్పు కొట్టాడు. పిన్ని మిషను పక్కన కూర్చుని ప్యాటర్న్ మీద నొక్కితే అది చిటికెలో తెరుచుకుంది. "అబ్బో!" అంది పిన్ని. బాబాయికి ఆ ఒక్క మాట చాలు.

ఒక డిస్కు వాడకానికి, రెండోది దాని నకలుకు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి మొదటిదాన్ని చూసి రెండోది తనంతట తాను సరిచేసుకుంటుంది. ఇక్కడ మాకు వాదన వచ్చింది. మొదటిదాంట్లో ఏదైనా చెరిగిపోయినా రెండోదాంట్లో పాతది ఉండనిద్దామన్నాను నేను. బాబాయి ఒంటికాలి మీద లేచాడు.

"అదెలా కుదురుతుంది? రెండూ టాలీ అవ్వాలి. ఒకదాంట్లో లేనిది ఇంకోదాంట్లో ఉంటే దాన్ని మిగులు అంటారు. తరుగు కంటే మిగులు ప్రమాదం. ఎవడో తప్పు రాశాడని అర్థం."

నాకు ఆఫీసు టైమవుతోంది. సరే, మీ ఇష్టం అని ఆయన చెప్పినట్టే పెట్టేశాను. ఆ పూట నేను నోరు మూసుకోకుండా ఉండాల్సింది. ఆ తర్వాత డబ్బాకు ఒక రిజిస్టరు కూడా పెట్టాడని విని నవ్వుకున్నానే గానీ అందులో ఏం రాస్తున్నాడో అడగలేదు.

ఐదు నెలలు అంతా సజావుగా నడిచింది. మిగతా కంప్యూటర్లలో, పెన్‌డ్రైవుల్లో ఉన్నవన్నీ బాబాయి మొదట్లోనే చెరిపేయించాడు కాబట్టి పాత ప్యాటర్న్, కొత్త ప్యాటర్న్ అన్న గొడవే లేదు. పిన్ని పక్కింటివాళ్ళకు కూడా మా డబ్బా చూపించి మురిసిపోయేది.

ఒక ఆదివారం పదకొండున్నర దాటాక బాబాయి ఫోన్ చేశాడు. గొంతులో హుషారు.

"మీ పిన్ని లాప్‌టాప్ కాలింది అమ్మడూ. గుప్పున పొగొచ్చి నల్లబడిపోయింది. ఫరవాలేదు, మన డబ్బా ఉందిగా!"

"హమ్మయ్య. ఫైళ్ళన్నీ ఉన్నాయిగా?"

"ఉండు, రిజిస్టరు చూస్తాను." కాగితాల చప్పుడు. ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుంటున్న గొణుగుడు. "పదకొండు బయటున్నాయి."

"బయటంటే?"

"ఇష్యూ అయ్యాయి. మీ పిన్ని పనికి తీసుకుంది. ఇంకా జమ చెయ్యలేదు."

"తీసుకుంటే ఏమైంది బాబాయ్, డబ్బాలో కూడా ఉంటాయి కదా."

"ఎందుకుంటాయి? కట్ చేసి తీసుకుంటుంది. ఇచ్చాక అర ఖాళీగా ఉండాలి కదా."

ఐదు నెలలుగా మా బాబాయి ఇంట్లోవాళ్ళను కాపీ అనే మాట అననివ్వలేదన్నమాట. ఫైలు తీసుకోవాలంటే కట్ చెయ్యాలి, పనయ్యాక మళ్ళీ కట్ చేసి తెచ్చి అరలో పెట్టాలి. ఏ సమయంలోనైనా లోకంలో ఒక్కటే ఉండాలి. మా చెల్లి ఒకసారి కాపీ చేస్తూ దొరికిపోతే, "ఇప్పుడు డబ్బాలోనూ ఉంది, నీ దగ్గరా ఉంది. ఏది అసలు?" అని నిలదీశాడట. "రెండూ అసలే నాన్నా!" అంటే అరగంట క్లాసు పీకాడట. ఇదంతా తర్వాత తెలిసింది. ఆ క్షణాన నేను గడియారం చూశాను. పన్నెండుకు ఎనిమిది నిమిషాలు.

"బాబాయ్, డబ్బా కరెంటు వైరు పీకెయ్!"

"అలా పీకితే పాడవుతుందని నువ్వే కదమ్మా..."

"పాడైతే అవనీ! పన్నెండింటికి రెండో డిస్కు టాలీ అవుతుంది. మొదటిదాంట్లో లేనివన్నీ అందులోనూ చెరిపేస్తుంది. నువ్వు పెట్టమన్న టాలీయే!"

"మరి పద్ధతి ప్రకారం ఆపి..."

ఫోన్లో పిన్ని గొంతు, "తప్పుకోండి!" ఆ వెంటనే ఏదో కింద పడ్డ చప్పుడు. చెప్పుల స్టాండట. వైరు పీకింది మాత్రం పిన్నే.

నేను వెళ్ళి రెండో డిస్కు విడిగా తీసి చూశాను. పదకొండింట్లో ఎనిమిది ఈ వారంలో తీసుకున్నవే, కిందటి ఆదివారం నకలులో భద్రంగా ఉన్నాయి. మూడు అంతకు ముందే తీసుకున్నవి. వాటిని రెండో డిస్కు కూడా నమ్మకంగా చెరిపేసింది. చెరిగిపోయినవాటిని వెతికే సాఫ్ట్‌వేరు పెట్టి చూశాను. వాటి చోట్లో వేరే ఫైళ్ళు వచ్చి కూర్చున్నాయి. ఫైళ్ళుండే చిప్పు కూడా బోర్డుతోపాటే మాడిపోయిందని లాప్‌టాప్ రిపేరతను పెదవి విరిచాడు.

మూడింట్లో రెండు పాత బట్టలు విప్పి మళ్ళీ గీసుకోవచ్చని పిన్ని తేల్చింది. మూడోది లెక్కల టీచరుగారిది. ఆవిడ వెన్నెముక చిన్నప్పటి నుంచే ఒక పక్కకు ఒంగి ఉంటుంది, గత ఏడాదిలో ఇంకాస్త ఒంగింది. పిన్ని నాలుగుసార్లు దిద్దిన ప్యాటర్న్ అది. చివరిసారి దిద్దినదాంతో ఇంకా ఏదీ కుట్టలేదు, పాత బట్టలు ఇప్పుడు పనికిరావు. తొమ్మిదేళ్ళ కిందట మొదటిసారి కొలిచిన రోజు ఆవిడ ఏడుస్తూనే నిలబడిందట, ఇంకెప్పుడూ కొలవనని పిన్ని ఆవిడకు మాటిచ్చింది. ఇప్పుడావిడ హెడ్‌మిస్ట్రెస్ అవుతోంది. ఆ రోజు వేసుకోవడానికి పొడుగు కోటు కుట్టమంది. ఇంక పది రోజులే గడువు.

బాబాయి ఆ పూట అన్నం ముట్టలేదు. డబ్బా ముందు పీట వేసుకుని కూర్చున్నాడు.

"ముప్పై ఒక్క ఏళ్ళలో నా స్టోర్లోంచి ఒక్క నట్టు పోలేదు అమ్మడూ. నట్టు ఇస్తే అర ఖాళీ అవుతుంది. ఇది ఇచ్చినా అరలోనే ఉంటుంది. ఇంత చిన్న విషయం నా బుర్రకెక్కలేదు చూడు."

"తప్పు నాది కూడా బాబాయ్. టాలీ పెట్టింది నేనే కదా."

పిన్ని ఆయన్ని ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఆయనకు కాస్త తేలికయ్యేదేమో. టీచరుగారికి నేనే చెప్పుకుంటానని మర్నాడు చొక్కా మార్చుకుని వాళ్ళింటికి వెళ్ళాడు. తిరిగొచ్చాక ఏమందని అడిగితే, "అంతా విని, రేపొస్తానంది" అన్నాడు.

ఆ రోజే డబ్బాను మళ్ళీ కట్టాం. కట్ చెయ్యడం బంద్, అందరూ కాపీయే. మార్చిన ప్రతిసారీ తేదీ వేసిన కొత్త ఫైలు, పాతది దాని పక్కనే. రెండో డిస్కు ఇక దేన్నీ చెరపదు. మూడో డిస్కు ఒకటి కొని మా ఇంట్లో పెట్టాం, నెలకోసారి తెచ్చి నింపుకుపోతాను. బాబాయి అన్నింటికీ తలూపాడు. మిగులు అన్న మాట ఎత్తితే ఒట్టు.

మర్నాడు సాయంత్రం టీచరుగారు వచ్చింది. సన్నటి మనిషి, చేతిలో పుస్తకాల సంచి. బాబాయి లేచి నిలబడ్డాడు గానీ తలెత్తలేదు.

"కొలవండి అక్కా" అంది పిన్నితో.

"నీకిచ్చిన మాట తప్పుతున్నాను టీచరమ్మా."

"తప్పడం లేదు. నేనే అడుగుతున్నాను కదా."

ఇద్దరూ గుడ్డ తెర అవతలికి వెళ్ళారు. నేనూ బాబాయీ నడవలో డబ్బా పక్కన నిలబడ్డాం. పిన్ని ఒక్కో అంకె చెబుతుంటే టీచరుగారే కాగితం మీద రాసుకుంటోంది. మొదటి నాలుగైదు అంకెలకు ఆవిడ ఊఁ అని మాత్రమే అంది. ఆ తర్వాత, "ఎడమ పక్క మళ్ళీ చెప్పండి, ముందు చెప్పినదానికీ దీనికీ కుదరడం లేదు" అని పిల్లల నోటుబుక్కు దిద్దుతున్నట్టు అడగడం మొదలుపెట్టింది. బాబాయి అప్పుడు కాస్త ఊపిరి పీల్చుకున్నాడు.

కొలతలయ్యాక ఆవిడ వెళ్ళలేదు. ప్యాటర్న్ గీస్తుంటే చూడొచ్చా అని అడిగింది. తొమ్మిదేళ్ళలో ఎప్పుడూ అడగలేదట. పిన్ని బాబాయి కంప్యూటరు ముందు కూర్చుని వీపు ముక్కలు రెండూ గీసింది, ఒకటి కుడికి, ఒకటి ఎడమకు. టీచరుగారు దగ్గరగా వంగి చూసింది.

"ఇదేనా నా వీపు?"

"అవునమ్మా."

"ఈ రెండింటికీ తేడా ఎంత?"

పిన్ని ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించింది. టీచరుగారు తెర మీద తేడా ఉన్నచోట వేళ్ళు ఆనించింది. రెండు వేళ్ళ వెడల్పు.

"ఇంతేనా?" అంది. కాసేపు వేళ్ళు తీయలేదు. "కొండంత ఉంటుందనుకున్నాను అక్కా. చిన్నప్పటి నుంచీ నా వెనక కొండంత ఉందనుకునే బతికాను. రెండు వేళ్ళు."

పిన్ని కళ్ళు తుడుచుకుంది. నేను తుడుచుకోలేదు, కారనిచ్చాను.

"దీని కాపీ ఒకటి నా దగ్గర కూడా ఉంచుకోవచ్చా?" అని టీచరుగారు బాబాయి వైపు తిరిగి అడిగింది.

బాబాయి సొరుగులోంచి కొత్త పెన్‌డ్రైవు తీశాడు. కాపీ అయ్యేదాకా అక్కడే నిలబడి, దాన్ని రెండు చేతులతో ఆవిడకు అందించాడు.

"అడగడమెందుకమ్మా" అన్నాడు. "ఇన్నాళ్ళూ నా స్టోరు సరుకనుకున్నాను. ఇది మీదే కదా."