మైనస్ నూట పది కిలోమీటర్లు

డిగ్రీ పట్టా కొత్తగా చేతికొచ్చిన ఆ రోజుల్లో నా అంత మొండిది అల్మాస్‌గూడ మొత్తంలో ఇంకొకతె ఉండేది కాదు. (ఇప్పుడు తగ్గిందని మా ఆయన చెబితే నమ్మకండి, భయపడి చెబుతున్నాడు.) దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌కు లెక్కల టీచర్ కావాలన్నారు. అప్పటికే రెండు చోట్ల వద్దనిపించుకున్నాను. "గిది కూడ రాకపోతే సప్పుడు చేయక మీ బాబాయి బట్టల దుకాణంల కూసో" అని అమ్మ తేల్చేసింది. దుకాణం అంటే పొద్దస్తమానం చీరలు విప్పడం, మళ్లీ మడతపెట్టడం. నాకేమో బోర్డూ సుద్దముక్కా కావాలి.

ఆ సెంటర్‌లో పద్ధతి ఏమిటంటే, కొత్తగా వచ్చినవాళ్లు ఒక డెమో క్లాసు చెప్పాలి. తరువాత పిల్లలు చీటీలు రాస్తారు, వాటిని బట్టి ఉద్యోగం. యజమానిని అందరూ రాకెట్ సార్ అనేవారు, లెక్క పూర్తిగా చదవకముందే జవాబు చెబుతాడని. "చూడమ్మా, కాలం-దూరం చెప్పు. ఎక్స్ అనుకుందాం, వై అనుకుందాం అన్నావంటే పిల్లలు పక్క బిల్డింగ్‌కి వెళ్ళిపోతారు. షార్ట్‌కట్ చెప్పు చాలు" అన్నాడాయన. వద్దన్న పని చేయకపోతే నాకు అన్నం సహించదు.

బోర్డు మీద లెక్క రాశాను. మా ఇంటి నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు గంటకు ఇరవై కిలోమీటర్ల వేగంతో బస్సులో వచ్చి, అరగంట మిర్చి బజ్జీల బండి దగ్గర నిలబడి, గంటకు ఐదు కిలోమీటర్ల నడకతో తిరిగి వెళ్లాను. మొత్తం రెండున్నర గంటలు పట్టింది. ఇల్లు ఎంత దూరం? సుద్ద కింద పెట్టకముందే అరవైమంది ఒక్క గొంతుతో "పది!" అన్నారు. రెండు వేగాలూ మొత్తం టైమూ వేస్తే జవాబు రాల్చే ఆ షార్ట్‌కట్‌లో బజ్జీలకు చోటు లేదు మరి. నాకు లోపల పండగే. "మరి బజ్జీలు ఎవరు తిన్నరు?" అని అడిగి, దూరం ఎక్స్ అనుకుని దర్జాగా సమీకరణం రాశాను. రావడానికి ఎక్స్ బై ఇరవై, తిరిగి వెళ్లడానికి ఎక్స్ బై ఐదు, బజ్జీలకు ముప్పై, అన్నీ కలిపితే రెండున్నర. చకచకా చేస్తే ఎక్స్ విలువ మైనస్ నూట పది వచ్చింది.

"మేడం, ఎల్బీనగర్ నుంచి గట్లనే వెనుకకు నడిస్తె నకిరేకల్ ఒస్తది!" అన్నాడు వెనుక బెంచీ వాడు. క్లాసంతా గొల్లుమంది. రాకెట్ సార్ గుమ్మంలో నిలబడి గడియారం చూసుకున్నాడు. చున్నీతో బోర్డు తుడిచేసి పారిపోదామనిపించింది. కానీ దూరానికి మైనస్ ఎక్కడైనా ఉంటుందా? నువ్వు తప్పు చేశావని ఎక్స్ నా ముఖం మీదే చెబుతోంది. ఆ సంగతి తట్టగానే ఎక్కడలేని ధైర్యం వచ్చింది. "నవ్వుండ్రి! నా జవాబు తప్పని మీకందరికీ తెల్సింది. మీ పది కూడ తప్పే. అది ఒక్కరికన్న తెల్సిందా?" అన్నాను. సమీకరణం మళ్లీ చదివితే దొరికింది: అంతా గంటల్లో లెక్కిస్తూ, బజ్జీల దగ్గర మాత్రం నిమిషాలు రాసి, నన్ను నేనే ముప్పై గంటలు నిలబెట్టుకున్నాను. అరగంట వేసి చేస్తే ఎనిమిది కిలోమీటర్లు. "మేడం, అరగంట ముందే తీసేస్తె షార్ట్‌కట్‌ల కూడ ఎనిమిదే ఒస్తది కద" అంది ముందు బెంచీ అమ్మాయి. నిజమే, ఒప్పుకోవాలి. "ఒస్తది. మరి తీసెయ్యాలెనని నీ షార్ట్‌కట్ చెప్పిందా?" అన్నాను.

చీటీలు లెక్కపెట్టి రాకెట్ సార్ తల గోక్కున్నాడు. "విచిత్రం! సగానికి పైగా నిన్నే అడుగుతున్నారు. రేపట్నుంచి వచ్చెయ్. కానీ ఎక్స్ మాత్రం వద్దు, సరేనా?" ఒక్క తల ఊపితే ఉద్యోగం. నా నోరు ఊరుకుంటే కదా! "ఎక్స్ లేకుంటె నేను రాను సార్" అని మెట్లు దిగేశాను. బస్టాపు దాకా మహారాణిలా నడిచాను. అక్కడికి చేరాక బాగా ఏడ్చాను.

వారం తిరగకుండా బాబాయి దుకాణంలో చీరలు మడతపెట్టాను. అక్కడి నుంచి ఎల్బీనగర్‌లో బడి పంతులమ్మను కావడానికి రెండేళ్లు పట్టింది. ఇప్పుడైతే "సరే సార్" అని తల ఊపి, క్లాసు తలుపు వేసుకుని నాకు తోచినట్టే చెప్పేదాన్ని. ఈ తెలివి ఆ రోజు మెట్లు దిగేసిన ఆ పిల్లకు లేదు. తిడదామని ఎన్నోసార్లు అనుకున్నాను గానీ, ఇంతవరకూ నోరు రాలేదు.